పాడుబడిన విద్యార్థి గృహం: ఒక వీడియో ఆటపై వైజ్ఞానిక విమర్శ

మనుషులు విడిచి వెళ్ళిన ఇల్లు ఎన్నాళ్ళకు పాడుపడుతుంది? బల్లమీద వదిలిన కాగితం ఎన్ని సంవత్సరాలు చదవటానికి వీలుగా ఉంటుంది? మీట నొక్కితే దీపం ఎప్పటివరకు వెలుగుతుంది? ఈ ప్రశ్నలు మన పాఠ్యపుస్తకాలలో ఒక్కచోట కనిపించవు. వీటికి జవాబు చెప్పాలంటే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ అవసరమవుతాయి. వీటిని నా ముందుకు తెచ్చినది ఏదో గ్రంథం కాదు. మా కళాశాల విద్యార్థులు రాత్రులు నిద్ర మాని ఆడే ఒక వీడియో ఆట.

ఆ ఆట పేరు ‘ఫాలౌట్ 76’. అమెరికాలోని బెథెస్డా సంస్థ దానిని 2018 నవంబరు 14న విడుదల చేసింది. ఫాలౌట్ అనగా అణుధూళి. అణుబాంబు పేలిన తరువాత ఆకాశంనుంచి నేలకు రాలే రేడియో ధార్మిక ధూళికి అది పేరు. కథ ప్రకారం 2077 అక్టోబరు 23న ప్రపంచమంతటా అణుయుద్ధం జరుగుతుంది. భూగర్భ ఆశ్రయంలో తలదాచుకున్న కొందరు సరిగ్గా పాతికేళ్ళ తరువాత, 2102లో, పైకి వస్తారు. ఆట ఆడేవాడు వారిలో ఒకడు. అతడు తిరిగే ప్రదేశం వెస్ట్ వర్జీనియా రాష్ట్రం. అక్కడి మోర్గన్‌టౌన్ నిజంగానే ఉన్న విశ్వవిద్యాలయ పట్టణం. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం అక్కడ 1867లో ఏర్పడింది. ఆటలో మాత్రం ఆ పట్టణంలోని విశ్వవిద్యాలయానికి కల్పిత నామం పెట్టారు. దాని విద్యార్థులు నివసించిన ‘ఈటా సై’ అనే పాడుబడిన గృహమే మన విమర్శకు వస్తువు.

సోదర సంఘాలు, మన హాస్టళ్ళు

చదువరులలో కొందరికి ఆ పేరే వింతగా తోచవచ్చు. అమెరికా కళాశాలల్లో విద్యార్థులు సోదర సంఘాలుగా ఏర్పడి, రెండు మూడు గ్రీకు అక్షరాలను తమ సంఘానికి పేరుగా పెట్టుకుంటారు. ఇట్లాంటి గ్రీకు అక్షరాల సంఘాలలో మొదటిది 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టింది. కాలక్రమాన ఇట్లాంటి సంఘాలు సొంత ఇళ్ళు ఏర్పరచుకున్నాయి. సభ్యులు ఒకే ఇంట ఉంటారు, ఒకే పంక్తిని తింటారు, చదువు ముగిసిన తరువాత గూడ ఒకరికొకరు సాయపడతారు.

మనకు సరిగ్గా ఇట్లాంటివి లేవు. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు వంటివి ఈ పోలికకు కొంత దగ్గర. కాని ఈనాటి మన విద్యార్థి ఎరిగిన గృహం వేరు. మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్.బి. నగర్ వరకు విజయవాడ రహదారి పొడుగునా, మెట్రో స్తంభాలకు రెండు పక్కలా ఉన్న సందులలోకి వెళ్ళి చూడండి. ఇంటికొక బోర్డు కనిపిస్తుంది. ఒక్కొక్క గదిలో నాలుగు ఇనప మంచాలు, మంచం కింద ఒక ట్రంకుపెట్టె, కిటికీ ఊచలకు కట్టిన తాడుమీద తువ్వాళ్ళు. గ్రూప్స్ పరీక్షకు, డి.ఎస్.సి.కి, బ్యాంకు ఉద్యోగానికి, కంప్యూటరు కోర్సులకు రెండు రాష్ట్రాల జిల్లాలనుంచి వచ్చినవారు ఇక్కడ ఉంటారు. సంఘం లేదు, గ్రీకు అక్షరాలు లేవు. కాని సోదరత్వానికి లోటు లేదు. ఒకడి జ్వరానికి మరొకడు కషాయం కాస్తాడు, ఒకడి నోట్సు నలుగురు చదువుతారు.

ఈ గదులు గూడ ఒకసారి హఠాత్తుగా ఖాళీ అయినాయి. 2020 మార్చి 22న మెట్రో రైళ్ళు ఆగిపోయినవి. 25వ తేదీనుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. ఆ రోజు నగరంలోని హాస్టళ్ళవారు చాలామంది, ఖాళీ చేయవలసిందని విద్యార్థులతో అన్నారు. వేలమంది పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి అనుమతి పత్రాలు తీసుకున్నారు. ఆ పత్రాలతో విజయవాడ దారి పట్టినవారిని రాష్ట్ర సరిహద్దున, గరికపాడు తనిఖీ కేంద్రం వద్ద నిలిపివేశారు. హాస్టళ్ళనుంచి ఎవరినీ పంపివేయరాదని ప్రభుత్వం ఆదేశించేటప్పటికే ఎన్నో గదులకు తాళాలు పడ్డాయి.

ఎనిమిది నెలల తరువాత ఒక గది

అట్లా వెళ్ళిపోయినవారిలో ఒకప్పటి మా విద్యార్థి ఒకడున్నాడు. అతనిది బాపట్ల దగ్గర పల్లెటూరు. మా వద్ద డిగ్రీ ముగించి, చైతన్యపురిలో ఒక హాస్టలులో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతుండేవాడు. నాలుగు రోజుల్లో వద్దామనుకొని ఒక్క చేతిసంచితో వెళ్ళాడు. రెండు రాష్ట్రాల మధ్య ఆర్.టి.సి. బస్సులకు 2020 నవంబరు 2న ఒప్పందం కుదిరిన తరువాత గాని తిరిగి రాలేకపోయినాడు. సర్టిఫికెట్లు గదిలోనే ఉన్నాయి. ఒంటరిగా వెళ్ళటానికి జంకి, “మాస్టారూ, మీరు గూడ ఒక్కసారి రండి” అన్నాడు. వెళ్ళాను.

యజమాని మొదట ఖాళీగా ఉన్న నెలలన్నిటికీ అద్దె కట్టమన్నాడు. ఆయన గూడ ఆ భవనాన్ని అద్దెకు తీసుకున్నవాడే, ఆయన బాధ ఆయనది. చివరకు కొంత తగ్గించి తాళం తీశాడు. ఆ గదిలో చూచినవి ఒక్కొక్కటే చెబుతాను. తరువాత విమర్శకు అవసరమవుతాయి.

తలుపు వానకు ఉబ్బి చట్రంలో బిగుసుకున్నది. లోపల ముక్కు పట్టే బూజు వాసన. ఆ అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగినవి. ఈ గది మొదటి అంతస్తులో ఉండుటవలన మునగలేదు గాని, సజ్జమీద నిలిచిన నీరు గోడలోకి దిగింది. ఆ సజ్జ పగులులో జానెడు రావిమొక్క లేచి ఉన్నది. బకెట్టులో నీరు ఎండిపోయి తెల్లని ఉప్పు చార మిగిలింది. కింది అరలోని నోటుపుస్తకాలను చెదలు తినివేసినవి. పైకి అట్ట నిలిచే ఉన్నది, పట్టుకోగానే మట్టిగా రాలింది. రెండు సంవత్సరాల నోట్సు అది. ఇన్వర్టరు బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. గోడమీద క్యాలెండరు మార్చి నెలను చూపుతూనే ఉన్నది. ఇనప ట్రంకుపెట్టెలో, నాఫ్తలీన్ గోళీల మధ్య, సర్టిఫికెట్లు మాత్రం చెక్కుచెదరలేదు. అవి చేతికి రాగానే అతడు మంచంమీద కూలబడి చాలాసేపు మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అతడే నాతో అన్నాడు: “మాస్టారూ, ఆటలో పాతికేళ్ళయినా కాగితాలు చదవవచ్చు. ఇక్కడ ఎనిమిది నెలలకే పోయినాయి.” ఆ ఒక్క మాట ఈ వ్యాసానికి మూలం. తరువాత అతని కంప్యూటరుపై ఆ ఈటా సై గృహానికి, ఆ పట్టణానికి నేను గూడ వెళ్ళి చూచాను.

కాలం ఆగిన ఇల్లు

మొదటి ఆక్షేపణ కాలానికి సంబంధించినది. ఆ పట్టణంలో ఏ ఇంటిలోకి వెళ్ళినా సీసాలు, చిట్టీలు, అస్థిపంజరాలు, కంప్యూటరు తెరలు కనిపిస్తాయి. చిట్టీలు చదవవచ్చు. మాటలు రికార్డు చేసిన టేపులు మోగుతాయి. తెర ముందు నిలబడి మీట నొక్కితే పాతికేళ్ళనాటి ఉత్తరం కళ్ళముందు వెలుగుతుంది.

ఉష్ణగతిక శాస్త్రంలోని రెండవ నియమాన్ని మనం ఇంజనులకు, శీతల యంత్రాలకు అన్వయించి చెబుతాం. ఇంటికి అన్వయించి చెబితే విద్యార్థికి ఇంకా బాగా అర్థమవుతుంది. క్రమంగా ఉన్న వస్తువులు తమంతట తాము అక్రమ స్థితికి పోతాయి. వాటిని తిరిగి క్రమంలో పెట్టాలంటే ఎవరో ఒకరు పని చేయాలి, శక్తి వెచ్చించాలి. ఊడ్చటం, కిటికీ మూయటం, సజ్జమీది నీరు తోయటం, మొక్కను వేలెడు ఉన్నప్పుడే పీకివేయటం, ఇవన్నీ అట్లాంటి పనులే. మనుషులు ఉన్న ఇంటిలో ఈ చిన్న పనులు రోజూ జరుగుతాయి గనుక ఇల్లు నిలుస్తుంది. ఆ పని ఆగిన రోజునుంచే శైథిల్యం మొదలవుతుంది.

కాంక్రీటు గోడనే తీసుకోండి. కొత్త కాంక్రీటు గాఢమైన క్షారం, దాని పి.హెచ్. విలువ 12 పైమాటే. ఆ క్షారంలో ఉన్నంతకాలం లోపలి ఇనప కడ్డీకి తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోనికి చొరబడి క్షారాన్ని సున్నపురాయిగా మార్చుతుంది. ఈ మార్పు సాగే లోతు కాలం వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. ఉదాహరణకు మొదటి ఏడాదిలో 5 మిల్లీమీటర్లు సాగితే, 4 ఏళ్ళకు 10, 16 ఏళ్ళకు 20, 25 ఏళ్ళకు 25 మిల్లీమీటర్లు సాగుతుంది. కడ్డీపైని కాంక్రీటు పొర 20 మిల్లీమీటర్లే అయితే పాతికేళ్ళనాటికి కడ్డీకి రక్షణ పోయినట్లే. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పగులులో పక్షి రెట్టతో రావిగింజ పడుతుంది. తరువాతి కథ మన పాత కోటగోడలను చూచినవారికి చెప్పనక్కరలేదు.

దీనికి ప్రపంచానికంతటికీ తెలిసిన సాక్ష్యం ప్రిప్యాట్ పట్టణం. చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగింది. మరునాడు దగ్గరలోని ప్రిప్యాట్ వాసులను, సుమారు 49,000 మందిని, బస్సులలో తరలించారు. మూడు రోజులలో తిరిగి రావచ్చునని చెప్పారు. వారు గూడ మన విద్యార్థివలెనే చేతిసంచులతో వెళ్ళారు. పాతికేళ్ళు గడిచేసరికి అక్కడ పైకప్పులమీద చెట్లు మొలిచినవి. రంగులు రేకులై ఊడినవి. గదుల నేలలు నీటికి ఉబ్బి కుళ్ళినవి. ఒక పాఠశాల భవనంలో కొంత భాగం 2005లోనే కూలిపోయింది. బాంబు పడకుండానే ఇంత జరిగితే, బాంబులు పడిన దేశంలో చిట్టీ చదవటానికి వీలుగా ఎట్లా ఉంటుంది?

ఆట పక్షాన చెప్పదగినది ఒకటున్నది. ఆ కల్పిత లోకంలో మన లోకంవలె ట్రాన్సిస్టరు విస్తరించలేదు, యంత్రాలు శూన్యనాళికలతోనే నడుస్తాయి. అణువిస్ఫోటనంవలన పుట్టే విద్యుదయస్కాంత స్పందానికి సున్నితమైన ట్రాన్సిస్టరు పరికరాల కంటె శూన్యనాళికలు బాగా తట్టుకుంటాయి. ఇది సత్యం. శక్తికి మూలంగా కేంద్రక సంలీనంతో పనిచేసే చిన్న బ్యాటరీలను గూడ రచయితలు కల్పించారు. సరే, దానిని కథకుల హక్కు అనుకొందాం. కాని తేమను, చెదలను, బూజును ఆపటానికి ఏ కల్పనా చేయలేదు. మరొక చిక్కు గూడ ఉన్నది. యుద్ధం తరువాత చాలా ఏళ్ళు ఆ పట్టణంలో సహాయక దళాలు పనిచేసినట్లు ఆటలోనే చెప్పారు. అంతమంది అన్నేళ్ళు తిరిగిన చోట ఒక్కరైనా ఆ అస్థిపంజరాలను పూడ్చిపెట్టలేదా? ఒక్క చీపురైనా పట్టలేదా? మనిషి స్వభావానికే ఇది విరుద్ధంగా ఉన్నది.

అణుధూళి లెక్క

రెండవ ఆక్షేపణ ఆట పేరుకు సంబంధించినదే. అణుధూళి తీవ్రత తగ్గే తీరుకు ఒక సులభమైన సూత్రం ఉన్నది. విస్ఫోటనం తరువాత గడిచిన కాలం ఏడు రెట్లయినప్పుడల్లా తీవ్రత పదో వంతుకు పడిపోతుంది. మొదటి గంటకు తీవ్రత 1,000 అనుకుంటే, 7 గంటలకు 100, 49 గంటలకు అనగా రెండు రోజులకు 10, 343 గంటలకు అనగా రెండు వారాలకు 1 అవుతుంది. ఇది ఉజ్జాయింపు సూత్రమే గాని మొదటి కొద్ది నెలలకు బాగా సరిపోతుంది. కనుక ప్రాణాలు కాపాడుకోవటానికి మొదటి రెండు వారాలు లోపల ఉండటం అన్నిటికంటె ముఖ్యం.

తరువాత మిగిలేవి దీర్ఘాయువు గల పదార్థాలు. అయొడిన్-131 అర్ధజీవితకాలం 8 రోజులు. 80 రోజులకు దానిలో సుమారు 1,024వ వంతు మాత్రమే మిగులుతుంది. సీసియం-137 అర్ధజీవితకాలం 30 సంవత్సరాలు. పాతికేళ్ళకు నూటికి 56 పాళ్ళు ఇంకా ఉంటుంది. స్ట్రాన్షియం-90ది 29 సంవత్సరాలకు కొంచెం తక్కువ, అది నూటికి 55 పాళ్ళు మిగులుతుంది. స్ట్రాన్షియం ఎముకలో కాల్షియం స్థానంలో చేరుతుంది. సీసియం కండరాలలో పొటాషియంవలె ప్రవర్తిస్తుంది. అంటే పాతికేళ్ళ తరువాత వచ్చేవాడికి గోడలకంటె, గాలికంటె, నేలలో పండిన కూరగాయ, అక్కడ మేసిన ఆవు పాలు ఎక్కువ ప్రమాదకరం. ఆటలోనూ ఆ ఆహారం తింటే వికిరణ మోతాదు పెరుగుతుంది. ఈ అంశంలో ఆటను మెచ్చుకోవలసిందే. చేతికి కట్టుకున్న పరికరం ప్రమాద స్థలాన్ని సమీపించేకొద్దీ టకటకమనటం గూడ గైగర్ గణకం స్వభావానికి తగినదే.

మెచ్చుకోలేనివి రెండు. ఒకటి, ఆకుపచ్చని కాంతి. రేడియో ధార్మిక పదార్థం తనంత తాను ఆకుపచ్చగా వెలగదు. పూర్వం గడియారపు ముళ్ళు రాత్రి వెలిగేవంటే, రేడియంతోపాటు కలిపిన జింకు సల్ఫైడు ఆ కాంతిని ఇచ్చేది. అణు రియాక్టరు నీటిలో కనిపించే కాంతి నీలిది, అది చెరెన్‌కోవ్ వికిరణం. సీసియం కలిసిన మట్టి మామూలు మట్టిలాగే ఉంటుంది. కంటికి కనపడకపోవటమే వికిరణంలోని అసలు ప్రమాదం. ఆట దానిని కంటికి కనపడేటట్లు చేసి, ప్రమాదాన్ని తేలిక చేసింది.

రెండవది మందు. ఆటలో ఒక సంచిలోని ద్రవం ఎక్కించుకుంటే క్షణాలలో వికిరణమంతా శరీరంనుంచి పోతుంది. నిజమైన వైద్యంలో అట్లాంటిది లేదు. ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పదార్థం పేగులలో సీసియాన్ని పట్టుకొని బయటికి పంపుతుంది. శరీరంలో సీసియం సగానికి తగ్గటానికి పట్టే కాలం దానివలన సుమారు 110 రోజులనుంచి 30 రోజులకు తగ్గుతుంది. పొటాషియం అయొడైడు మాత్ర ముందుగానో వెంటనేనో వేసుకుంటే థైరాయిడు గ్రంథి ఒక్కదానిని కాపాడుతుంది. అప్పటికే కణాలకు జరిగిన హాని మాత్రం ఏ మందువలనా మాసిపోదు.

బొద్దింక ఎందుకు పెరగదు?

ఆటలో బొద్దింకలు పిల్లి అంత, కుక్క అంత పెరిగి మీదికి వస్తాయి. వికిరణంవలన పెరిగినవని కథ. వికిరణంవలన ఉత్పరివర్తనాలు కలుగుతాయని 1927లో హెర్మన్ మల్లర్ ఫలదోమలపై ఎక్స్-కిరణాలతో నిరూపించాడు. కాని ఆ మార్పులు బీజకణాలద్వారా సంతానానికి చేరుతాయి, వాటిలో చాలావరకు హానికరమైనవే. ఉన్న ప్రాణి ఉన్నట్లుండి పెద్దది కావటం జరగదు.

పెద్దదయినా బతకలేదు. ఈ సంగతిని జె.బి.ఎస్. హాల్డేన్ ప్రాణుల పరిమాణంపై 1926లో వ్రాసిన వ్యాసంలో చక్కగా వివరించాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రజ్ఞుడు. నాలుగు సెంటీమీటర్ల బొద్దింకను పది రెట్లు పెంచామనుకోండి. పొడవు 40 సెంటీమీటర్లు. దాని బరువు పది ఘనం, అనగా 1,000 రెట్లు అవుతుంది. కాలి మందం, అనగా అడ్డుకోత వైశాల్యం, 100 రెట్లే పెరుగుతుంది. ప్రతి చదరపు మిల్లీమీటరు కాలిపై పది రెట్లు బరువు పడుతుంది. ఊపిరి సంగతి ఇంకా కష్టం. కీటకానికి ఊపిరితిత్తులు లేవు. పక్కలనున్న రంధ్రాలనుంచి సన్నని గొట్టాలద్వారా ప్రాణవాయువు కణాలకు చేరుతుంది. ఈ ప్రయాణం చాలావరకు విసరణంవలన జరుగుతుంది. విసరణానికి పట్టే కాలం దూరం వర్గానికి అనులోమం. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లు. కార్బొనిఫెరస్ యుగంలో రెక్కల కొసనుంచి కొసకు 65 సెంటీమీటర్లు పైబడిన తూనీగలవంటి కీటకాలుండేవి. అప్పటి గాలిలో ప్రాణవాయువు ఇప్పటికంటె చాలా ఎక్కువగా ఉండటమే అందుకు ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులలో చాలామంది భావిస్తారు. ఇప్పుడున్నది నూటికి 21 పాళ్ళే.

చెర్నోబిల్ పరిసరాలలో రాక్షస జంతువులు పుట్టలేదు. కొన్ని వానకోవెలలకు తెల్లని ఈకలు కనిపించాయి. మనుషులు వెళ్ళిపోయినందువలన తోడేళ్ళు చుట్టుపక్కల అభయారణ్యాల కంటె ఎక్కువ సంఖ్యలో వృద్ధిచెందాయి. మా విద్యార్థి గదిలో గూడ బొద్దింకలున్నాయి. అవి మామూలు బొద్దింకలే, మనల్ని చూచి మంచం కిందికి పారిపోయినవి.

ఆటలోని మంచి, ఆటలోని లోపం

ఇంతమాత్రాన ఆ ఆట వ్యర్థమని నా అభిప్రాయం కాదు. దానిలో ఒక మంచి గుణం ఉన్నది. 2018లో విడుదలైనప్పుడు ఆ లోకంలో మాట్లాడే మనుషులు దాదాపు ఎవరూ లేరు. ఉన్నవి చిట్టీలు, టేపులు, వస్తువులు. ఆడేవాడు వాటిని చదివి, అమర్చుకొని, అక్కడ ఏమి జరిగిందో తానే ఊహించాలి. ఇది పురావస్తు శాస్త్రజ్ఞుని పద్ధతి. శాస్త్రజ్ఞుని పద్ధతి గూడ అదే. మనవాళ్ళు ప్రయోగశాలలో ఫలితం తెలిసిన ప్రయోగాన్నే మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఒక పాడింటిలో మిగిలిన ఆనవాళ్ళనుంచి జవాబు రాబట్టే ఓర్పు ఆటలో కనబరచేవాడు, తరగతిలో ఎందుకు కనబరచడో మనం ఆలోచించాలి.

ఆ మనుషులు లేని లోకంలోకి మనుషులను తిరిగి ప్రవేశపెట్టిన భాగం 2020 ఏప్రిల్ 14న విడుదలైంది. మన దేశంలో మొదటి విడత లాక్‌డౌన్ ఇరవైయొక్క రోజులు ముగియవలసిన తేదీ గూడ అదే. ముగియలేదు, మే 3 వరకు పొడిగించారు. ఆటలో జనం ఇళ్ళకు తిరిగి వస్తున్న ఆ రోజున దిల్‌సుఖ్‌నగర్ గదులు తాళాలతోనే ఉన్నాయి. ఇది యాదృచ్ఛికమే. అయినా ఆ యాదృచ్ఛికంవలననే ఆటలోని పెద్ద లోపం నాకు తెలిసింది.

ఆ లోపం ఇది. ఆటకు ఖాళీ గది అంటే చనిపోయినవాడి గది. అందువలన అందులోని వస్తువులకు యజమాని లేడు. ఆడేవాడు సీసా తీసుకుంటాడు, పెట్టె తెరుస్తాడు, ఉత్తరం చదువుతాడు, పనికివచ్చేది సంచిలో వేసుకుంటాడు. ఎవరూ అడగరు. కాని మన కాలంలో ఖాళీ అయిన గదులలో ఎక్కువ భాగం బతికున్నవారివే. ప్రిప్యాట్‌లోనూ అంతే, చైతన్యపురిలోనూ అంతే. వారు తిరిగి వస్తారు. వచ్చి చెదలు తిన్న నోటుపుస్తకాన్ని చేతిలో పట్టుకుంటారు. ఆ క్షణం ఆ ఆటలో లేదు. శిథిలమైన ఇంటిని చిత్రించటం తెలిసినవారికి ఆ ఇంటికి తిరిగి వచ్చేవాడిని చిత్రించటం తెలియలేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఒక వినోదాన్ని ఇంతగా పరీక్షించటం దేనికని కొందరు అడగవచ్చు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ విషయమై మన రాష్ట్రంలో పెద్ద చర్చ జరిగింది. యురేనియం తవ్వకాలు వద్దని ఆ సెప్టెంబరు 16న శాసనసభ తీర్మానించింది. ఆ రోజులలో మా తరగతిలో విద్యార్థులను వికిరణం గురించి అడిగాను. “ఆకుపచ్చగా మెరుస్తుంది”, “జంతువులు పెద్దవవుతాయి”, “ఇంజెక్షన్ వేస్తే పోతుంది” అని చెప్పినవారు అరడజను మంది ఉన్నారు. అణు ఇంధన సముదాయం ఉన్న నగరంలో, తూర్పు హైదరాబాదులోనే చదువుకుంటున్నవారు వీరు. తవ్వకం కావాలనేవారికైనా, వద్దనేవారికైనా సరైన జ్ఞానం అవసరమే. మనం చెప్పని పాఠాన్ని ఆట చెబుతున్నది. దానిలో సగం తప్పు.

ఆటను నిషేధించి ప్రయోజనం లేదు. దానిని తరగతికి తీసుకొని రండి. సీసియం ఎంత మిగిలిందో, బొద్దింక కాలిపై ఎంత బరువు పడుతుందో విద్యార్థులచేత లెక్క కట్టించండి. ఎనిమిదవ తరగతివారు గూడ పది ఘనం చేయగలరు. ఒక చిన్న ప్రయోగం గూడ చేయించవచ్చు. రెండు ఇనప మేకులు తీసుకోండి. ఒకదానిని తడిసిన దూదిలో, మరొకదానిని చిక్కని సున్నపు తేటలో మూతపెట్టి ఉంచండి. రెండు వారాల తరువాత తీసి చూపండి. మొదటిదానికి తుప్పు పట్టి ఉంటుంది, రెండవది దాదాపు ఉన్నది ఉన్నట్లుంటుంది. కాంక్రీటు కడ్డీని ఎట్లా కాపాడుతుందో ఆ మేకే చెబుతుంది. సున్నపు నీరు కంటికి తగలకుండా చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది.

మా విద్యార్థి తన నోట్సును మళ్ళీ మొదటినుంచి వ్రాసుకున్నాడు. ఈసారి ఇనప పెట్టెలో పెట్టుకుంటున్నాడు. ఆట మాత్రం మానలేదు. “ఆ ఇంటిలోకి వెళ్ళినప్పుడల్లా చెదలు ఏవీ అని చూస్తున్నాను మాస్టారూ” అన్నాడు మొన్న. చూచే కన్ను మారింది. ఒక విమర్శకు అంతకంటె ఫలితం అక్కరలేదు.